బ్యాచ్ ప్రాజెక్ట్ చేయడం ఎలా: పని పంచుకునే ముందు అతుకులు చూసుకోండి

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో నలుగురు కలిసి చేసే మేజర్ ప్రాజెక్ట్ గురించి రాస్తున్నాను. డిప్లొమా, డిగ్రీ వాళ్లకూ, ఉద్యోగంలో మొదటిసారి టీమ్‌లో పడ్డవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది. మా బ్యాచ్‌లో నలుగురం, మాది పూలకుండీ మట్టిలో తేమ చూసి దానంతట అదే పంపు వేసే ప్రాజెక్ట్. ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్నో టీముల్లో పనిచేశాను గానీ, నేర్చుకున్నదాంట్లో సగం ఆ కుండీ పక్కన నేర్చుకున్నదే. ఏటా రివ్యూల (ప్రాజెక్ట్ ఎంతవరకు వచ్చిందో కాలేజీలో చూసే రోజులు) టైమ్‌కి జూనియర్లు ఫోన్ చేసి "అన్నా, మా బ్యాచ్‌లో ఒకడు పని చేయట్లేదు, ఏం చేయాలి" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: వాడి పని నీ పనితో ఎక్కడ కలుస్తుంది, అది ఎక్కడైనా రాసుకున్నారా? దాదాపు ప్రతిసారీ రాసుకోలేదనే చెబుతారు.

అసలు ఏం జరిగిందో ముందు చెప్పేస్తాను, అప్పుడు మిగతాదంతా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

రెండో రివ్యూకి మూడు రోజులుంది. అప్పటిదాకా ఎవరి ముక్క వాళ్లం హాస్టల్లో, ఇంట్లో చేసుకున్నాం. ఆ రోజే మొదటిసారి ల్యాబ్‌లో అన్నీ కలిపాం. బల్ల మీద పూలకుండీ, పక్కన బకెట్‌లో చిన్న పంపు, పంపుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటి ఒక రిలే, వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటి నోడ్‌ఎంసీయూ బోర్డు. కుండీలో మట్టి అప్పటికే తడిగా ఉంది కాబట్టి పంపు అసలు ఆన్ కాకూడదు. పవర్ ఇవ్వగానే రిలే టక్కుమంది, పంపు మొదలైంది, ఇక ఆగదే. కుండీ నిండి నీళ్లు బల్ల మీదకి, అక్కడి నుంచి కింద పెట్టిన రికార్డు పుస్తకాల మీదకి కారాయి. ఒకరు వైరు పీకేదాకా కారుతూనే ఉన్నాయి. సెన్సార్ పని చూసినవాడు "నాది కరెక్టే" అన్నాడు, యాప్ వైపు రాసిన అమ్మాయి "నాదీ కరెక్టే" అంది, గొంతులు లేచాయి, ఆ సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు.

నిజానికి ఇద్దరిదీ కరెక్టే. మేం వాడింది కెపాసిటివ్ సెన్సార్. అది మట్టి ఎండితే పెద్ద నంబర్ ఇస్తుంది, తడిస్తే చిన్న నంబర్ ఇస్తుంది. మా కుండీలో ఎండు మట్టికి 800 దగ్గర, తడి మట్టికి 400 దగ్గర వచ్చేది. వాడు ఆ నంబర్‌నే 'మాయిశ్చర్' అని పేరు పెట్టి పంపాడు. ఆ అమ్మాయి పేరు చూసి, మాయిశ్చర్ అంటే నంబర్ ఎక్కువుంటే తేమ ఎక్కువ అనుకుంది, 0 నుంచి 1023 దాకా వస్తుందని తెలుసు కాబట్టి మధ్యలో 500 పెట్టి, అంతకన్నా తక్కువైతే పంపు వెయ్యమని రాసింది. తడి మట్టి 400 చూపిస్తే పంపు ఆన్ అయింది, నీళ్లు పడేకొద్దీ నంబర్ ఇంకా తగ్గింది, పంపు ఇంకా తిరిగింది. సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. తప్పెవరిదని వాదించుకోవడానికి ఒకటిన్నర రోజు పోయింది, ఉన్నదే మూడు రోజులు.

ఎవరి పనీ చెడిపోలేదు, రెండు పనులు కలిసే అతుకు దగ్గర చెడింది. అందుకే కింద చెప్పేవాటిలో అన్నిటికన్నా ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

బ్యాచ్ కుదిరేటప్పుడు

కొన్ని కాలేజీల్లో రోల్ నంబర్ల ప్రకారం వాళ్లే వేసేస్తారు, కొన్నిచోట్ల మీ ఇష్టం. మీ ఇష్టమైతే నలుగురితో ఆగండి. నలుగురిలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవాల్సిన జతలు 6 ఉంటాయి, ఆరుగురైతే అవి 15 అవుతాయి. చేతులు పెరిగినంత సులువుగా మాటలు పెరగవు, ఎవరో ఒకరికి ఏదో ఒకటి చెప్పడం మర్చిపోతారు.

మొదటిరోజే కూర్చుని నలుగురూ మూడు విషయాలు నిజాయితీగా చెప్పుకోండి. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలను, ఏ నెలలో నాకు కుదరదు (ప్లేస్‌మెంట్లు, బ్యాక్‌లాగ్ పరీక్షలు, ఇంట్లో పెళ్లి, ఇంటర్న్‌షిప్, ఏదైనా సరే), నాకు ఏది అస్సలు రాదు. మూడోది చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. అందుకని ముందు మీరే చెప్పండి. "నాకు వైరింగ్ అంటే భయం, సోల్డరింగ్ ఎప్పుడూ పట్టుకోలేదు" అని నేను అన్నాకే మావాళ్లు నోరు విప్పారు.

టైటిల్ చిన్నది చేసుకోండి

ఏఐ, ఐఓటీ, బ్లాక్‌చెయిన్ అన్నీ ఒకే టైటిల్‌లో పెడితే అబ్‌స్ట్రాక్ట్ ఓకే అవుతుందేమో గానీ, ఆర్నెల్ల తర్వాత ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) ముందు వాటిల్లో ప్రతి మాటకీ మీరే జవాబు చెప్పాలి. ఒక్క వాక్యంలో రాయండి: ఎవరు వాడతారు, ఏం చేస్తే ఏం జరుగుతుంది. మాది చివరికి "మట్టి ఎండితే పంపు వేస్తుంది, తడిస్తే ఆపుతుంది, ఫోన్‌లో చూపిస్తుంది" అయింది. దానికింద 'చేయనివి' అని ఇంకో నాలుగు లైన్లు రాసి గైడ్ సార్‌కి (మీ ప్రాజెక్ట్ చూసుకునే లెక్చరర్‌కి) చూపించండి. ఇది మొదట్లోనే చూపిస్తే తర్వాత "ఇది కూడా పెట్టండి" అన్నప్పుడు మర్యాదగా ఆ కాగితం తీసి మాట్లాడొచ్చు.

అతుకుల కాగితం

ఇదే అసలు పని, దీనికి ఒక పూట మొత్తం పెట్టండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు డబ్బాలు గీయండి, ఒక్కో డబ్బా ఒక్కొక్కరి పని. ఒక డబ్బా నుంచి ఇంకోదానికి ఏదైనా వెళ్తుంటే బాణం గీయండి. ఆ బాణాలే మీ అతుకులు. ఇప్పుడు డబ్బాల్ని వదిలేసి ఒక్కో బాణం దగ్గర ఆగి ఇవి రాయండి: పంపేదాని పేరు ఏంటి, యూనిట్ ఏంటి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంటుంది, ఎక్కువైతే దాని అర్థం ఏంటి, ఎంతసేపటికోసారి వస్తుంది, రాకపోతే అవతలివాళ్లు ఏం చేయాలి. ఆఖర్న ఒక నిజమైన ఉదాహరణ రాయండి, అంటే "ఇదిగో, తడి మట్టికి ఇది వస్తుంది, ఎండు మట్టికి ఇది" అని నంబర్లతో సహా. ఆ 'ఎక్కువైతే దాని అర్థం ఏంటి' అన్న ఒక్క ప్రశ్న మేం ముందే వేసుకుని ఉంటే ఆ రికార్డు పుస్తకాలు తడిసేవి కావు.

"రాకపోతే ఏం చేయాలి" అన్నది చాలామంది వదిలేస్తారు. నెట్ పోయింది, సెన్సార్ వైరు ఊడింది, అప్పుడు పంపు ఆగాలా, తిరుగుతూ ఉండాలా? మాకు ఆగాలి. మీది గుడి క్యూలో టోకెన్లిచ్చే యాప్ అయితే జవాబు వేరే ఉంటుంది. అది కోడ్ రాసే ఒక్కరే అర్ధరాత్రి నిర్ణయించేది కాకూడదు, నలుగురూ కూర్చుని అనుకోవాలి.

తేదీలు కూడా చూసుకోండి. 05-03 అంటే మనకి మార్చి 5, కానీ కొన్ని లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) దాన్ని మే 3 అనుకుంటాయి. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు అని ఒకటే పద్ధతి పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

ఇదంతా కాలేజీ పిల్లలకే జరిగేది అనుకోకండి. 1999 సెప్టెంబర్‌లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లి, కక్ష్యలోకి చేరాల్సిన సమయంలో పోయింది. భూమ్మీద ఒక టీమ్ సాఫ్ట్‌వేర్ బలం లెక్కని పౌండ్లలో ఇచ్చింది, దాన్ని వాడుకునే టీమ్ న్యూటన్లలో ఉందనుకుంది. ఆ రెండిటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. అక్కడ మహా మహా ఇంజినీర్లున్నారు, అయినా ఒక బాణం దగ్గర యూనిట్ జారిపోయింది. మా గైడ్ సార్ ఈ సంగతి చెప్పాకే మాలో గొడవపడ్డ ఆ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు.

కాగితం అయ్యాక నలుగురూ దాని మీద పేర్లు రాసి, ఫొటో తీసి గ్రూప్‌లో పిన్ చేయండి. ఏదైనా మార్చాలంటే ఆ బాణానికి రెండువైపులా ఉన్నవాళ్లిద్దరూ ఒప్పుకోవాలి, ఒకరు మార్చేసి తర్వాత చెప్పడం కుదరదు.

మొదటి వారంలోనే అతికించి చూడండి

అందరూ పూర్తి చేశాక కలుపుదాం అనుకోవడమే అసలు ప్రమాదం. మొదటి వారంలోనే, ఏ పనీ నిజంగా కాకముందే, ఉత్తుత్తి నంబర్లతో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి నడిపించండి. సెన్సార్ ఇంకా కొనలేదా, పర్లేదు, బోర్డు నుంచి ఊరికే 800, 400 అని మార్చిమార్చి పంపండి. యాప్‌లో అందమైన స్క్రీన్ అక్కర్లేదు, ఆ నంబర్ కనిపిస్తే చాలు. పంపు బదులు ఒక ఎల్‌ఈడీ వెలిగినా సరే. అది ఒకసారి నడిచిందంటే, ఆపైన ప్రతి ఒక్కరూ తమ ముక్కని ఉత్తుత్తిది తీసి అసలుది పెట్టుకుంటూ పోవడమే. ఏ రోజు చెడినా, ఆ రోజు ఎవరు ఏం మార్చారో తెలుసు కాబట్టి పట్టుకోవడం తేలిక. వారానికి ఒకరోజు, మాకైతే శనివారం మధ్యాహ్నం, అన్నీ కలిపి నడపడం తప్పనిసరి చేసుకోండి. టీ తాగి కబుర్లు చెప్పుకుని వెళ్లిపోయే మీటింగ్ కాదు, నడుస్తోందా లేదా అన్నది కళ్లారా చూసి లేవాలి.

ఒక పనికి ఒక పేరు

"అందరం చూద్దాంలే" అన్న పని ఎవరూ చూడరు. పదిమందిలో పాము చావదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఫ్రాన్స్‌లో రింగెల్‌మన్ అని ఒక వ్యవసాయ ఇంజినీర్ మనుషుల చేత తాడు లాగించి లెక్కగట్టాడు, 1913లో అది అచ్చయింది. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చింది. బద్ధకం అనుకుంటాం గానీ, ఆయన ముఖ్యంగా చెప్పిన కారణం వేరు: అందరూ ఒకే క్షణంలో కలిసి లాగలేకపోవడం. నాకు ఈ మాట చాలా నచ్చింది, ఎందుకంటే పని జరగకపోతే మనం వెంటనే మనిషిని తిడతాం, తాడు ఎలా పట్టుకున్నామో చూడం.

అందుకని ప్రతి పనికీ ఒక్క పేరే రాయండి. సాయం ఎవరైనా చేయొచ్చు, కానీ శనివారం అడిగితే జవాబు చెప్పేది ఒక్కరే. పని కూడా "యాప్" అని రాయకండి, అది రెండు నెలల పని, ఎప్పటికీ సగంలోనే ఉంటుంది. "యాప్‌లో తేమ నంబర్ కనిపించాలి, శనివారానికి" అని రాయండి. "80 శాతం అయిపోయింది" అన్న మాటని ఒప్పుకోకండి, నడిపి చూపిస్తే అయినట్టు, లేకపోతే కానట్టు.

ఫైళ్లు వాట్సాప్‌లో పంపుకోకండి

'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' అని జిప్ ఫైళ్లు గ్రూప్‌లో పడటం మొదలైందంటే ఏదో ఒక రోజు ఎవరి పనో పోతుంది. మాకు పోయింది, రెండు రోజుల పని, పాత జిప్ మీద ఒకరు కొత్తగా రాయడం వల్ల. గిట్ నేర్చుకోండి, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. 2005 నుంచి ఉంది, ఉచితం, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చాలాచోట్ల అడుగుతారు. మొదట్లో అంతా తెలియక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు పుల్ చేయండి (అందరి తాజా కోడ్ తెచ్చుకోవడం), లేచే ముందు కమిట్ చేసి (మీ మార్పుల్ని దాచి) పుష్ చేయండి (అందరికీ అందేలా పంపడం), ఎవరి బ్రాంచ్‌లో (విడి కాపీలో) వాళ్లుండి శనివారం కలిపినప్పుడే మెయిన్‌లోకి (అందరి ఉమ్మడి కోడ్‌లోకి) తేవాలి. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరూ వేర్వేరుగా మార్చడం) వస్తే కంగారుపడి అవతలివాళ్ల లైన్లు తీసేయకండి, ఆ రెండు ముక్కలూ రాసిన ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని సరిచేయాలి. ఇంకొకటి, వైఫై పాస్‌వర్డ్‌లు, సీక్రెట్ కీలు కోడ్‌లో రాసి పబ్లిక్ రిపోలో (ఎవరైనా చూడగలిగే కోడ్ నిల్వలో) పెట్టకండి, తర్వాత తీసేసినా పాత కమిట్లలో అలాగే ఉంటాయి.

డబ్బులు, సామాను

సామాను ఉన్న ప్రాజెక్ట్ అయితే ఒకరు పుస్తకం పట్టుకోవాలి. రసీదు ఫొటో గ్రూప్‌లో, లెక్క నెలాఖరుకి, అప్పటికప్పుడు యూపీఐ. చిన్న మొత్తాలే స్నేహాల్ని ఎక్కువ చెడగొడతాయి. హైదరాబాద్ వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీకి ఒకసారి నలుగురూ కలిసి వెళ్లండి, ఆన్‌లైన్‌లో రెండు రోజులు ఆగే చిన్నచిన్న పార్టులు అక్కడ చేతిలో పెడతారు, పైగా షాపువాళ్లని అడిగితే ఏది ఏ వోల్టేజ్‌కో చెబుతారు. బోర్డు, సెన్సార్ రెండేసి కొనండి. మట్టిలో గుచ్చే చవకరకం రెసిస్టివ్ సెన్సార్ కొద్దిరోజుల్లోనే తుప్పుపట్టి తప్పుడు నంబర్లు చూపిస్తుంది, కెపాసిటివ్‌ది తీసుకోండి.

అమీర్‌పేటలోనో ఇంకోచోటో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనేద్దాం అని బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. వద్దు. డబ్బుకోసం కాదు, నలుగురు కలిసి ఒక పని మొదటి నుంచి చివరిదాకా చేసే అవకాశం చదువుకునే రోజుల్లో మళ్లీ రాదు. చిన్నదైనా, వంకరగా ఉన్నా మీదే చేయండి.

పని చేయని మనిషి

ఇక జూనియర్లు ఎక్కువగా అడిగేది. ముందు గ్రూప్‌లో తిట్టకండి, గైడ్‌కి చెప్పకండి. ఒక్కరే వెళ్లి, క్యాంటీన్‌లోనో బస్‌స్టాప్‌లోనో పక్కన కూర్చుని అడగండి. మాలో ఒకడు మొదటి నెల మీటింగ్‌కి వచ్చేవాడు, తల ఊపేవాడు, ఏమీ చేసేవాడు కాదు. అందరం కోపంగా ఉన్నాం. ఒకరోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని "ఏమైంది మామా" అంటే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, "మీరు పుష్ అంటారు, పుల్ అంటారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నా" అని. పదో తరగతిదాకా ఊళ్లో తెలుగు మీడియం, ఇంటర్ అంతా బట్టీ, ల్యాప్‌టాప్ కొన్నదే మూడో సంవత్సరంలో. ఆ రాత్రి నా ల్యాప్‌టాప్ వాడి ఒళ్లో పెట్టి, నేను ముట్టుకోకుండా, వాడి చేత్తోనే మొదటి కమిట్ చేయించాను. ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది: వాళ్లకి రెండెకరాల మిరప ఉంది, ఎండు మట్టి ఎలా ఉంటుందో, ఎంత లోతులో తేమ చూడాలో మా ముగ్గురికన్నా వాడికే బాగా తెలుసు. సెన్సార్‌ని పైపైన గుచ్చితే పైపొర ఎండగానే పంపు పడుతుంది, వేర్లున్న లోతులో పెట్టాలి అని చెప్పింది వాడే. ఆ తర్వాత టెస్టింగ్ మొత్తం వాడిదే.

అందరి కథా ఇలా ఉండదు. అడిగినా, సాయం చేసినా, చిన్న పని ఇచ్చినా రెండు శనివారాలు ఏమీ రాకపోతే, అప్పుడు అతనికి ముందే చెప్పి గైడ్ దగ్గరికి అందరూ కలిసి వెళ్లండి. చాటుగా వెళ్లకండి. ఎవరి పేరు మీద ఏ పనుందో, ఏ తేదీకి ఏమైందో రాసుకున్న కాగితం మీ దగ్గర ఉంటుంది కాబట్టి మాటకి మాట పెరగదు.

డాక్యుమెంటేషన్

చివరి వారానికి వదలకండి. ప్రతి శనివారం కలిపి నడిపాక ఒక అరగంట, ఆ వారం ఏం చేశారో రెండు పేరాలు, రెండు ఫొటోలు. చెడిపోయినప్పుడూ ఫొటో తీయండి, టెస్టింగ్ చాప్టర్‌లో మీకు రాయడానికి అవే ఉంటాయి. మీ మాటల్లో మీరు రాసింది అయితే ప్లాగియారిజం రిపోర్ట్ (కాపీ కొట్టారా అని చూసేది) టెన్షన్ ఉండదు. హార్డ్ బైండింగ్‌కి ఇచ్చే ముందు నలుగురి పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు ఒక్కొక్కరు తమవి తామే చూసుకోవాలి.

రివ్యూ, వైవా

డెమో ఇవ్వాల్సిన గదిలోనే ముందురోజు నడిపి చూడండి. కాలేజీ వైఫైలో లాగిన్ పేజీ వస్తే మీ బోర్డు దాన్ని దాటలేదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడండి, కానీ నోడ్‌ఎంసీయూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే పనిచేస్తుంది, ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే అసలు కనిపించదు, సెట్టింగ్స్‌లో మార్చుకోండి. ఆ హాట్‌స్పాట్ ఫోన్‌ని ఎవరూ కాల్స్‌కి వాడకూడదు. అంతా సరిగ్గా నడిచిన రోజు రెండు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి, కరెంట్ పోయినా చూపించొచ్చు.

వైవాకి రెండు రోజుల ముందు పనులు తారుమారు చేసి ఒకరికొకరు చెప్పండి. సెన్సార్ చూసినవాడు యాప్ గురించి, యాప్ రాసిన అమ్మాయి వైరింగ్ గురించి. ఎక్స్‌టర్నల్ చాలాసార్లు "ఇది నువ్వు చేశావా" అని మీది కానిదాని మీదే అడుగుతారు. మమ్మల్ని అడిగింది "500 ఎందుకు పెట్టారు" అని. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు మా మిరపతోట వాడు కుండీ కథంతా చెప్పాడు, ఎండుకి 800, తడికి 400, మొదట తిరగేసి రాశామని, నీళ్లు ఎలా కారాయో, తర్వాత పంపు వేయడానికి ఒకటి, ఆపడానికి ఒకటి రెండు వేర్వేరు హద్దులు ఎందుకు పెట్టామో. ఎక్స్‌టర్నల్ సార్ ఆ అతుకుల కాగితం చూపించమన్నారు. అప్పటికి అది మడతల దగ్గర చిరిగి, ఒక మూల నీళ్ల మరకతో ఉంది.

అన్నీ అయ్యాక గిట్‌హబ్‌లో (గిట్ కోడ్‌ని ఆన్‌లైన్‌లో పెట్టుకునే సైట్) ఏది ఎలా మొదలుపెట్టాలో ఒక పేజీ రాసి, కాగితం ఫొటో కూడా అందులో పెట్టి, సామానంతా ఒక అట్టపెట్టెలో సర్ది ల్యాబ్‌లో ఇచ్చేయండి. వచ్చే ఏడాది బ్యాచ్ మీ ముక్కల్ని విప్పి వాళ్ల వాటితో అతికించుకోవాలి కాబట్టి, ఏ వైరు ఎక్కడికో టేపు మీద రాసి అంటించి మరీ ఇవ్వండి.